పెదవి విప్పని ఎస్పూ: నోకియా కథ, రెండో భాగం

1865లో కాగితం గుజ్జు మిల్లుగా మొదలైన నోకియా రబ్బరు బూట్లు, కేబుళ్లు, టీవీ సెట్ల మీదుగా సెల్‌ఫోన్ దాకా ఎలా వచ్చిందో గత భాగంలో చూశాం. 1992లో పగ్గాలు పట్టిన యోర్మా ఓలిలా మిగతా వ్యాపారాలను ఒక్కొక్కటిగా వదిలించుకుని, ఉన్నదంతా ఫోన్లు, నెట్‌వర్కుల మీదే పెట్టారు. 1998లో మోటొరోలాను దాటి నోకియా ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. అక్కడ ఆగాం.

ఆ స్థానం 14 ఏళ్లు చెక్కుచెదరలేదు. 2007 చివర్లో లెక్క తీస్తే ప్రపంచంలో అమ్ముడయ్యే ప్రతి ఐదు ఫోన్లలో రెండు నోకియావే. స్మార్ట్‌ఫోన్లలోనైతే దాదాపు సగం. ఫిన్లండ్ జనాభా అప్పటికి అరకోటికి కాస్త పైన, అంటే హైదరాబాద్ నగరమంత కూడా లేదు. అంత చిన్న దేశపు స్థూల ఉత్పత్తిలో 2000 సంవత్సరంలో సుమారు నాలుగు శాతం ఈ ఒక్క కంపెనీదే.

మన ఊళ్లలో దాని హవా ఎలా ఉండేదో ఆ రోజులు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. 2003లో వచ్చిన 1100 మోడల్ ప్రపంచమంతా కలిపి 25 కోట్లు అమ్ముడైంది. దుమ్ము లోపలికి పోకుండా కీప్యాడ్ మొత్తానికి ఒకే రబ్బరు పొర, చెమట చేతిలో జారని అంచులు, నెత్తిన చిన్న టార్చి. రాత్రి ఏ వేళకు కరెంటు ఇస్తారో తెలియక, ఇవ్వగానే మోటారు వేయడానికి పొలం గట్ల మీద చీకట్లో నడిచే రైతుకు ఆ టార్చి చిన్న సదుపాయమేమీ కాదు. మనలాంటి దేశాల్లో జనం ఎలా బతుకుతారో దగ్గరగా చూసినవాళ్లే అలాంటి ఫోన్ చేయగలరు. నోకియా అంటే నాకు గౌరవం కలిగేది మొదట అక్కడే.

అలాంటి కంపెనీ ఆరేళ్లు తిరక్కుండా ఫోన్ల వ్యాపారాన్నే అమ్ముకుంది. ఐఫోన్ వచ్చింది, నోకియా నిద్రపోయింది అని ఒక్క ముక్కలో తేల్చేయడం మనకు అలవాటైపోయింది. ఆ మాట నాకు ఏనాడూ మింగుడుపడలేదు. నోకియాలో పనిచేసేవాళ్లకు రాబోయేది ముందే తెలుసు. తెలిసిన సంగతి పైగదికి చేరలేదు.

టచ్‌స్క్రీన్‌నే తీసుకోండి. ఐఫోన్ కంటే ఏడేళ్ల ముందే రంగుల టచ్ తెర, దాని కింద ఒకే ఒక్క బటన్ ఉన్న నమూనాను నోకియా డిజైనర్లు తయారుచేశారు. అప్పటి ప్రధాన డిజైనర్ ఫ్రాంక్ నువోవో తర్వాతి కాలంలో పత్రికలకు చెప్పిన విషయమిది. 2004లో 7710 అనే టచ్ ఫోన్‌ను బజారులోకే తెచ్చారు. 2005లో 770 పేరుతో ఇంటర్నెట్ టాబ్లెట్ వచ్చింది. దానిలోని మేమో అనే సాఫ్ట్‌వేర్‌ను లినక్స్ మీద కట్టారు, తర్వాత ఆండ్రాయిడ్‌కూ అదే పునాది అయింది. పోనీ పరిశోధనకు డబ్బు తక్కువైందా? అమెరికా పత్రికలు వేసిన లెక్క ప్రకారం పదేళ్లలో నోకియా దానికి పెట్టిన ఖర్చు సుమారు 4,000 కోట్ల డాలర్లు. అదే కాలంలో యాపిల్ పెట్టినదానికి దాదాపు నాలుగింతలు.

2007 జనవరి 9న స్టీవ్ జాబ్స్ ఐఫోన్‌ను చూపించేనాటికి నోకియా చేతిలో ఎన్95 సిద్ధంగా ఉంది. అయిదు మెగాపిక్సెళ్ల కెమెరా, కార్ల్ జైస్ కటకం, వీడియో, జీపీఎస్, 3జీ, వైఫై. పైకి జరిపితే అంకెల మీటలు, కిందికి జరిపితే పాటల మీటలు. ఐఫోన్‌లో 3జీ లేదు, జీపీఎస్ లేదు. కెమెరా రెండు మెగాపిక్సెళ్లే, వీడియో తీయదు. ఒకచోట అక్షరాలు కాపీ చేసి మరోచోట అతికించే వీలు లేదు. బయటివాళ్లు రాసిన యాప్ ఒక్కటీ అందులో పెట్టుకోలేం, యాప్ స్టోర్ తెరిచింది 2008 జులైలో. కాగితం మీద ఎన్95దే పైచేయి. ఎస్పూలోని ప్రధాన కార్యాలయంలో పైస్థాయివాళ్లు చాలామంది చదివింది ఆ కాగితమే. కొన్నవాళ్లు చూసింది వేలు ఆనించగానే జారే తెర, రెండు వేళ్లతో పెద్దదయ్యే ఫొటో, కంప్యూటర్‌లో ఉన్నట్టే కనిపించే వెబ్‌సైటు.

నోకియా జవాబు రావడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. 2008 అక్టోబరులో ప్రకటించిన 5800 ఎక్స్‌ప్రెస్‌మ్యూజిక్‌ను దగ్గరగా చూస్తే కథంతా అందులోనే ఉంది. దాని తెర రెండు పలుచటి పొరలు, మధ్యలో వెంట్రుకవాసి ఖాళీ. పైపొర వంగి కిందిదానికి తగిలితేనే ఎక్కడ నొక్కామో ఫోన్‌కు తెలుస్తుంది. వేలికొసతో మెల్లగా రాస్తే లాభం లేదు, గోరుతో నొక్కాలి. అందుకే ఫోన్‌తో పాటు గిటారు మీటే బిళ్లలాంటి ముక్క ఒకటి ఇచ్చారు. ఐఫోన్‌ది గాజు. వేలు ఆనగానే అక్కడి విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పును పట్టుకుంటుంది, నొక్కే పనే లేదు. నోకియా ఎంచుకున్న తెర చవక, చేతి తొడుగులతోనూ పనిచేస్తుంది. మంచు దేశంలో కూర్చుని ఆలోచించేవాళ్లకు అది గట్టి వాదనగానే తోచి ఉంటుంది.

లోపలి సాఫ్ట్‌వేర్ మరీ ఇబ్బంది పెట్టేది. మెనూలో బొమ్మను ఒకసారి తాకితే తెరుచుకునేది. జాబితాలో పేరునైతే ఒకసారి తాకితే దాని మీదికి గుర్తు వెళ్లేది, రెండోసారి తాకితేనే తెరుచుకునేది. ఎక్కడ ఒకసారో, ఎక్కడ రెండుసార్లో వాడేవాడే గుర్తుపెట్టుకోవాలి. కారణం సింపుల్‌గా చెప్పాలంటే ఇది: ఆ సాఫ్ట్‌వేర్ మీటల కోసం పుట్టింది. పైకీ కిందికీ మీట నొక్కి ఒక పేరు దగ్గరికి చేరడం, మధ్య మీట నొక్కి తెరవడం దాని నడక. ఆ నడక మార్చకుండానే పైన టచ్ తొడిగారు.

దాని పేరు సింబియన్. బ్రిటన్‌లో సైయాన్ అనే కంపెనీ చేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్ల కోసం రాసుకున్న సాఫ్ట్‌వేర్ దానికి మూలం. 1998లో సైయాన్, నోకియా, ఎరిక్‌సన్, మోటొరోలా కలిసి సింబియన్ కంపెనీ పెట్టాయి. మెమరీ చుక్క చుక్కగా దొరికే రోజుల్లో, బ్యాటరీ ఒక పూట ఎక్కువ నిలవడమే గొప్ప అనుకునే రోజుల్లో రాసిన ప్రోగ్రాము అది. ఆ పనికి అది అద్భుతంగా సరిపోయింది. ప్రతి బైటునూ పొదుపు చేయడానికి పెట్టుకున్న నియమాలే తర్వాత గుదిబండలయ్యాయి. వేరే చోట రెండు వరుసల్లో అయ్యే పనికి ఇక్కడ ప్రోగ్రామర్ కుస్తీ పట్టాలి. పైగా ఒక్కో ఫోన్ మోడల్ కోసం సాఫ్ట్‌వేర్‌ను విడిగా కత్తిరించి కుట్టేవాళ్లు. ఏటా డజన్ల మోడళ్లు దింపే కంపెనీలో ఆ కత్తిరింపులకు అంతు ఉండదు. యాపిల్‌కు ఏడాదికి ఒక్క ఫోన్.

2009లో ఐఫోన్‌కు పోటీ అంటూ దింపిన ఎన్97 నోకియా పరువు తీసింది. పాటలకూ ఫొటోలకూ 32 జీబీ చోటు ఇచ్చి, ఫోన్ తన పనులకు వాడుకునే సీ డ్రైవ్‌లో మాత్రం యాభై ఎంబీల చిల్లర ఖాళీ మిగిల్చారు. నాలుగు యాప్‌లు పెట్టుకుని వారం తిరిగేసరికి మెమరీ నిండిందన్న కబురు. లోపల అరమరలన్నీ ఖాళీగా ఉన్నా గుమ్మంలోనే కాలు పెట్టే చోటు లేని ఇల్లు. కంపెనీ పెద్దల్లో ఒకరైన ఆన్సీ వాన్యోకి తర్వాత ఈ ఫోన్ తీవ్రంగా నిరాశపరిచిందని బహిరంగంగానే ఒప్పుకున్నారు. అదే ఏడాది మే నెలలో తెరిచిన ఓవీ స్టోర్ మొదటి రోజే వచ్చినవాళ్ల తాకిడికి కుదేలైంది.

ఇంతమంది తెలివైనవాళ్లున్న చోట ఇలాంటి ఫోన్ బయటికి ఎలా రాగలిగింది? ఈ ప్రశ్నకు నేను చదివినవాటిలో నమ్మదగిన జవాబు క్వీ హుయ్, టిమో వువోరి అనే ఇద్దరు అధ్యాపకులు ఇచ్చారు. నోకియా పెద్దలనూ, మధ్యస్థాయి మేనేజర్లనూ, ఇంజినీర్లనూ కూర్చోబెట్టి 76 ఇంటర్వ్యూలు చేసి 2016లో వాళ్లు అచ్చువేసిన పరిశోధన అది. వాళ్లకు అడుగడుగునా తగిలింది భయం. రెండు రకాల భయం. పైవాళ్లకు బయటి భయం: వాటాదారులు, మూడు నెలలకోసారి చూపించాల్సిన లాభాలు, దూసుకొస్తున్న యాపిల్. మధ్యవాళ్లకు లోపలి భయం: పైవాళ్లే. గొంతు చించుకుని అరిచే పెద్దలు అక్కడ ఉండేవారని ఇంటర్వ్యూల్లో చెప్పారు. కాదు, కుదరదు అన్నవాడికి ధైర్యం లేదనో, పట్టుదల లేదనో ముద్ర.

దాంతో జరిగేది ఇది. కొత్త సాఫ్ట్‌వేర్ ఎప్పటికి తయారవుతుందని పైనుంచి ప్రశ్న వస్తుంది. చేసేవాడికి చాలా కాలం పడుతుందని తెలుసు. అతని పై అధికారి దాన్ని కాస్త తగ్గించి చెబుతాడు, ఆ పై అధికారి ఇంకాస్త. అంతస్తు అంతస్తుకూ గడువు కుంచించుకుపోయి, బోర్డు గదిలోకి వెళ్లేసరికి అంతా సవ్యంగా ఉందన్న కబురవుతుంది. ఆ కబురును నమ్మి పైవాళ్లు మరిన్ని మోడళ్లు, మరింత దగ్గరి గడువులు అడుగుతారు. ఇందులో పనిగట్టుకుని మోసం చేసినవాడెవడూ లేడు. ప్రతివాడూ తన కుర్చీ కాపాడుకున్నాడు. సర్కారు ఆఫీసుల్లో, కాలేజీల్లో, ఆస్పత్రుల్లో పనిచేసిన మనవాళ్లకు ఈ మెట్ల వరుస కొత్తేం కాదు.

పైనున్నవాళ్లకు స్వయంగా పసిగట్టే వీలు ఉందా అంటే, ఆ వీలునూ తామే పోగొట్టుకున్నారు. 2004లో కంపెనీని విభాగాలుగా విడగొట్టి కొత్త చట్రంలో అమర్చారు. ఆ మార్పు తర్వాత ఏడాదీ ఏడాదిన్నరలో ఓలిలాతో కలిసి నోకియాను ఎత్తున నిలబెట్టిన పాత జట్టులో పలువురు వెళ్లిపోయారు. 2006లో ఓలిలా స్థానంలోకి వచ్చిన ఓలి-పెక్కా కల్లాస్‌వువో లాయరుగా, ఆర్థిక వ్యవహారాల అధిపతిగా ఎదిగినవారు. మంచి మనిషని పేరు. కానీ ప్రోగ్రామర్ మొహం చూసి ఈ గడువు అబద్ధమని పట్టుకోగలిగిన మనిషి ఆ కుర్చీలో కావలసిన సమయమది. పైగా వెనక ఒక గెలుపు ఉంది. 2004లో మడత ఫోన్ల మోజును పట్టించుకోక నోకియా వాటా పడిపోతే, గబగబా కొత్త మోడళ్లు దింపి, ధరలు తగ్గించి మళ్లీ పుంజుకుంది. ఈసారీ అలాగే గట్టెక్కుతామన్న ధీమా అక్కడి నుంచే వచ్చిందని నా అభిప్రాయం. మడత అనేది ఫోన్ ఆకారం. ఇప్పుడు మారింది ఫోన్ చేసే పనే.

ఈలోగా మన దేశంలో మరో వైపు నుంచి గండి పడింది. ఒక కంపెనీ కాల్‌కు చవక, ఇంకో కంపెనీ ఎస్సెమ్మెస్‌కు చవక అయిన రోజుల్లో జనం రెండు సిమ్ములు దగ్గర పెట్టుకుని, బ్యాటరీ ఊడదీసి మార్చుకుంటూ తిరిగేవారు. చైనా తయారీ ఫోన్లు, మైక్రోమ్యాక్స్ వంటి మన కంపెనీలు రెండు సిమ్ముల ఫోన్లు దింపి ఆ బాధ తీర్చాయి. టార్చి పెట్టాలని తట్టిన కంపెనీకి రెండో సిమ్ అవసరం ఎందుకు కంటపడలేదో! రెండు సిమ్ములూ ఒకేసారి పనిచేసే నోకియా ఫోన్లు మన బజారులోకి వచ్చేసరికి 2011. అప్పటికే దుకాణాల్లో సగం బల్ల వేరేవాళ్లది.

2010 చివరి మూడు నెలల్లో ఆండ్రాయిడ్ ఫోన్ల అమ్మకాలు సింబియన్‌ను దాటేశాయి. అంతకుముందే, సెప్టెంబరులో బోర్డు కల్లాస్‌వువోను దింపి స్టీఫెన్ ఎలాప్‌ను తెచ్చింది. కెనడా మనిషి, మైక్రోసాఫ్ట్ నుంచి వచ్చారు, నోకియా చరిత్రలో ఫిన్లండ్ బయటి తొలి అధిపతి. 2011 ఫిబ్రవరి మొదట్లో ఆయన ఉద్యోగులకు రాసిన లేఖ బయటికి పొక్కింది. నడిసముద్రంలో అంటుకున్న చమురు వేదిక మీద నిలబడ్డ మనిషి కథతో మొదలై, మన కంపెనీ పరిస్థితి అదేనని చెప్పే లేఖ. ఇన్నేళ్లూ ఎవరూ పైకి చెప్పని నిజాన్ని చివరికి పైవాడే కిందికి చెప్పాడు. అక్కడివరకు ఎలాప్‌ను మెచ్చుకోవాలి.

ఆ తర్వాత చేసిన పనిని మెచ్చుకోలేం. ఫిబ్రవరి 11న లండన్‌లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బాల్మర్ పక్కన నిలబడి, ఇకపై మా స్మార్ట్‌ఫోన్లన్నీ విండోస్ ఫోన్ మీదే అని ప్రకటించారు. ఆ రోజే షేరు 14 శాతం పడింది. అమ్ముకోవడానికి చేతిలో విండోస్ ఫోన్ ఒక్కటి కూడా లేదు, లూమియా పేరుతో మొదటిదాన్ని అక్టోబరులో గానీ చూపించలేదు. దుకాణంలో ఉన్న సరుకంతా సింబియనే. దానికి భవిష్యత్తు లేదని యజమానే చాటింపు వేశాక కొనేవాడెవడు? 2011 వేసవికల్లా యాపిల్ స్మార్ట్‌ఫోన్ల అమ్మకాల్లో నోకియాను దాటిపోయింది.

ఎలాప్ మైక్రోసాఫ్ట్ పంపిన కోవర్టు అని ఫిన్లండ్‌లో చాలామంది ఇప్పటికీ నమ్ముతారు. నేను నమ్మను. ఆయన వచ్చేనాటికే ముఖ్యమైన మూడేళ్లు చేజారాయి. కానీ ఒక్క విషయంలో ఆయన్ని క్షమించడం నాకు కష్టం. మేమో నుంచి పెరిగిన మీగో సాఫ్ట్‌వేర్‌తో ఇంజినీర్లు చేసిన ఎన్9 ఫోన్ 2011 జూన్‌లో బయటికొచ్చింది. ముందువైపు ఒక్క బటన్ లేదు, అంచు నుంచి వేలితో తోస్తే చాలు తెరలు మారతాయి. ఈనాడు మన ఫోన్లన్నీ నడిచే తీరు అదే. చూసిన సమీక్షకులు మెచ్చుకున్నారు. అది ఎంత బాగా అమ్ముడైనా మళ్లీ మీగో వైపు వెళ్లేది లేదని ఎలాప్ ముందే చెప్పేశారు, అమెరికా, బ్రిటన్ వంటి పెద్ద బజార్లలో దించనే లేదు. భయంలో మగ్గిన కంపెనీలో కొందరు పట్టువదలక చివరికి సరైన ఫోన్ చేశారు, దాన్ని ఉరికంబం ఎక్కించాకే జనానికి చూపించారు.

లూమియాలు చూడ్డానికి ముచ్చటగానే ఉండేవి, యాప్‌లే కరువు. 2012 జూన్‌లో మైక్రోసాఫ్ట్ విండోస్ ఫోన్ 8 ప్రకటిస్తూ, అప్పటికే అమ్మిన లూమియాలకు అది రాదని చెప్పింది. రెండు నెలల కిందట కొత్త లూమియా 900 కొన్నవాడి గతి ఏమిటి? గోరుచుట్టు మీద రోకటిపోటు. అంతకుముందే, 2012 మొదటి మూడు నెలల్లో సామ్‌సంగ్ నోకియాను మొదటి స్థానం నుంచి దించేసింది. ఏప్రిల్‌లో రేటింగ్ సంస్థలు కంపెనీ అప్పుపత్రాలను చెత్త శ్రేణిలో వేశాయి. జూన్‌లో మరో 10,000 ఉద్యోగాల కోత ప్రకటించారు, సాలో పట్టణంలోని ఫోన్ల ఫ్యాక్టరీ మూతపడింది. డిసెంబరులో ఎస్పూలో నీటి ఒడ్డున ఉన్న ప్రధాన కార్యాలయాన్ని 17 కోట్ల యూరోలకు అమ్మి, అందులోనే అద్దెకు ఉన్నారు.

2013 సెప్టెంబరు 3న ఫోన్ల వ్యాపారాన్ని పేటెంట్ల వాడకం హక్కులతో కలిపి 544 కోట్ల యూరోలకు మైక్రోసాఫ్ట్ కొంటున్నట్టు ప్రకటన వచ్చింది. ఇక్కడ మన తెలుగువాడు కథలోకి వస్తాడు. అనంతపురం జిల్లా మూలాలున్న కుటుంబంలో పుట్టి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివిన సత్య నాదెళ్ల అప్పటికి మైక్రోసాఫ్ట్ పెద్దల్లో ఒకరు. ఈ కొనుగోలు మీద బాల్మర్ తన సహచరుల అభిప్రాయం అడిగినప్పుడు తాను వద్దనే చెప్పానని నాదెళ్ల తన పుస్తకం ‘హిట్ రిఫ్రెష్’లో రాశారు. 2014 ఫిబ్రవరిలో ఆయనే అధిపతి అయ్యారు, ఏప్రిల్‌లో కొనుగోలు పూర్తయింది. వద్దన్న బిడ్డను ఆయనే పెంచాల్సి వచ్చింది. ఆ జులైలో ప్రకటించిన 18,000 ఉద్యోగాల కోతలో 12,500 నోకియా నుంచి వచ్చినవాళ్లవే. 2015 జులైలో 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేశారు. సాలోలో మిగిలిన పరిశోధన కేంద్రం కూడా ఆ దెబ్బతో పోయింది.

మన పొరుగున శ్రీపెరుంబుదూరు కథ ఇంకా బాధాకరం. చెన్నై నుంచి బెంగళూరు వెళ్లే దారిలో 2006లో మొదలైన ఆ ఫ్యాక్టరీ నోకియాకు ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. చుట్టుపక్కల పల్లెల నుంచి కంపెనీ బస్సుల్లో వచ్చే ఆడపిల్లలే అక్కడ ఎక్కువ. చాలామందికి ఇంట్లో అదే మొదటి నెల జీతం. సాఫ్ట్‌వేర్ కోసం మాతృసంస్థకు కట్టిన సొమ్ము మీద పన్ను ఎగ్గొట్టారంటూ 2013లో ఆదాయపు పన్ను శాఖ రెండు వేల కోట్ల రూపాయలకు పైగా కట్టమంది, ఆస్తుల్ని బదిలీ చేయకుండా నిలిపేసింది. దాంతో మైక్రోసాఫ్ట్‌కు అమ్మినవాటిలో ఈ ఫ్యాక్టరీ చేరలేదు. సొంతానికి ఫోన్ల వ్యాపారం లేని నోకియా, ఫోన్లు తప్ప ఇంకేమీ చేయలేని ఫ్యాక్టరీ. మైక్రోసాఫ్ట్ ఆర్డర్లు ఆపేయగానే 2014 నవంబరు 1న మూసేశారు. వేలమంది స్వచ్ఛంద విరమణ సొమ్ము తీసుకుని ఇళ్లకు వెళ్లారు, పాతికేళ్లు నిండకుండానే విరమణ తీసుకున్నవాళ్లు వాళ్లలో ఎందరో. ఎస్పూలో ఎవరో నోరు తెరవనందుకు మూల్యం కట్టింది ఆ పిల్లలు. మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం ముగిసినప్పుడు ఎలాప్‌కు ముట్టింది సుమారు 2.42 కోట్ల యూరోలు.

ఫిన్లండ్‌లో ఉద్యోగం పోయినవాళ్లకు కనీసం ఒక చేయి అందింది. సొంత వ్యాపారం పెట్టుకుంటామన్నవారికి మనిషికి 25,000 యూరోల దాకా ఇచ్చే పథకం 2011లో నోకియాయే తెచ్చింది, దాని వల్ల సుమారు వెయ్యి కొత్త సంస్థలు పుట్టాయి. మీగో మీద పనిచేసినవాళ్లు పెట్టిన యోల్లా వాటిలో ఒకటి. నోకియా కంపెనీ కూడా చచ్చిపోలేదు. 2012లో ఛైర్మన్ అయిన రిస్తో సీలాస్మా బోర్డులో మొదట మార్చింది మాట్లాడుకునే పద్ధతినే: చెడ్డ కబురు తెచ్చినవాడి మీద విరుచుకుపడకూడదు, ఎప్పుడూ ఒకటికి మించిన దారులు బల్ల మీద ఉండాలి. సీమెన్స్ వాటా కొని, తర్వాత ఆల్కాటెల్-లూసెంట్‌ను కలుపుకుని, టెలికాం టవర్లకు సామగ్రి అమ్మే కంపెనీగా అది నేటికీ నడుస్తోంది. నోకియా పేరుతో ఇప్పుడు దుకాణాల్లో కనిపించే ఫోన్లు వేరే కంపెనీ ఆ పేరు వాడుకునే హక్కు తీసుకుని చేసినవి.

వచ్చే భాగంలో కెనడాలోని వాటర్లూ పట్టణానికి వెళదాం. అక్కడ బ్లాక్‌బెర్రీ చేసినవాళ్లకు సమస్య వేరు. వాళ్ల ఆఫీసులో అందరూ గట్టిగానే మాట్లాడేవారు, కానీ మీటలు లేని ఫోన్‌ను జనం కొంటారని ఇద్దరు అధిపతుల్లో ఒకరికి చాలాకాలం నమ్మకం కుదరలేదు.